మగ కళ్ళు నాలుగు రకాలు

మా రాజమండ్రిలో ఫోటోగ్రాఫర్ అంటే పెళ్ళిళ్ళకి వచ్చేవాడు. కాదు బాబూ అని ముప్ఫై ఏళ్ళుగా చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. కాశ్మీరులో మూడేళ్ళు తిరిగాను. శ్రీలంకలో యుద్ధం అయ్యాక శిబిరాల్లో పడుకున్నాను. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో మలేరియా తెచ్చుకున్నాను. మణిపూర్‌లో ఎవరు విసిరారో తెలియని రాయికి ఎడమ మోకాలు పోయింది. ఆ మోకాలు వేసుకుని నిరుడు ఇంటికొచ్చి కూర్చుంటే, మా చర్చి పాస్టరు గారు నన్ను పలకరించిన మొదటి మాట ఏమిటో తెలుసా? "ఐజాక్ గారూ, ఖాళీగానే ఉన్నారు కదా, స్త్రీల సమాజం వార్షికోత్సవానికి నాలుగు ఫోటోలు తీసిపెట్టండి."

తీయనన్నాను. అంతే, మా అక్క ఆశాజ్యోతి అందుకుంది. ఆవిడ రిటైరైన టీచరు. నేను ఉండేది ఆవిడ ఇంటి మేడ మీద కాబట్టి, నన్ను ఇంకా ఐదో తరగతి పిల్లాడి కిందే లెక్కేస్తుంది.

"తీస్తే నీ సొమ్మేం పోయిందిరా? చచ్చినవాళ్ళనైతే దేశాలు పట్టుకు తిరిగి మరీ తీస్తావు. బతికున్నవాళ్ళు నవ్వుతూ నిలబడితే నీకు చేతులు రావు."

ఇలాంటి వాళ్ళ మధ్య బతుకుతున్నవాణ్ణి, ఒక మనిషి వచ్చి "సార్, మీ జీవితం గురించి చెప్పండి" అంటే పొంగిపోనా? రమేష్ బాబు అని, యూట్యూబ్ చానల్ నడుపుతాడు. గోదావరి గట్టు మీద కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడించాడు. నేనూ రెచ్చిపోయి చెప్పాను. నేను తీసిన ఫోటోలో గడ్డిపోచ కూడా కదపనన్నాను. ముప్ఫై ఏళ్ళలో తీసినదాంట్లో ఒక్క ఫ్రేము కూడా పారేయలేదన్నాను. "అది చరిత్రండీ, చెరిపే హక్కు మనకెక్కడిది?" అని గోదావరి వైపు చూస్తూ ఒక డైలాగు కూడా వదిలాను.

ఆ వీడియో చూసి మెచ్చుకున్నవాళ్ళెవరూ నాకు తారసపడలేదు కానీ, పది రోజులకి ఒక అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి. చేతిలో బట్టల షాపు సంచి. మెట్లెక్కి గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఐజాక్ గారంటే మీరేనాండీ?"

"పెళ్ళిళ్ళు తీయను," అన్నాను, పేపరులోంచి తలెత్తకుండానే.

"పెళ్ళి కాదండి. మాది మేకలగరువండి. నా పేరు లావణ్యండి. సత్తిరాజు గారి అమ్మాయినండి."

పేపరు కింద పెట్టేశాను.

మేకలగరువు కోనసీమ చివర, సముద్రానికి దగ్గర్లో ఉంటుంది. 2007లో అక్కడ రొయ్యల చెరువుల గొడవ జరిగింది. చెరువుల్లోని ఉప్పునీళ్ళు పక్క పొలాల్లోకీ, మంచినీళ్ళ బావుల్లోకీ ఊరిపోయి వరి పండకుండా పోయింది. చెరువులు తవ్వినవాళ్ళు ఒకవైపు, పొలాలు పోయినవాళ్ళు ఒకవైపు. అందరూ ఒకే ఊరివాళ్ళు, ఒకరి పెళ్ళికి ఒకరు పందిళ్ళు వేసుకున్నవాళ్ళు. ఏప్రిల్ నెలలో ఒక మధ్యాహ్నం చెరువు గట్టు మీద కర్రలతో కొట్టుకున్నారు. పదకొండు ఇళ్ళు తగలబడ్డాయి. ఒక మనిషి చనిపోయాడు. ఆ మనిషే సత్తిరాజు.

గట్టు మీద వెల్లకిలా సత్తిరాజు, కళ్ళు మూసుకుని. పక్కన అతని తల్లి వీరమ్మ, నోరు తెరిచి ఉంది కానీ ఏడుపు ఇంకా బయటికి రాలేదు. వెనక పొగ. నేను తీసిన ఆ ఫోటో ఢిల్లీ ఎగ్జిబిషన్లో వేలాడింది, పారిస్‌లో వేలాడింది. నాకు పేరొచ్చింది దానితోనే. ఆ తర్వాత నన్ను ఏ గొడవకి ఎవరు పిలిచినా, ఆ ఫోటో చూసే పిలిచారు.

లావణ్య సంచిలోంచి ఒక ఫ్రేము తీసి బల్ల మీద పెట్టింది. చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఫోటోయే! అందులోంచి సత్తిరాజు తలని కత్తిరించి, లేపి నిలబెట్టి, నీలం కోటు తొడిగి, ఎర్ర టై కట్టి, వెనకాల మంచుకొండలు పెట్టారు. పైగా కళ్ళు తెరిపించారు. మొన్నటి తుఫానుకి శ్లాబు కారి ఫ్రేములోకి నీళ్ళు దిగాయట. సరిగ్గా ఆ కళ్ళ దగ్గరే రంగు అద్దానికి అంటుకుపోయి, ఊడిపోయింది.

"ఎవడమ్మా ఈ పని చేసినవాడు?"

"మా సెంటర్లో అచ్చిబాబు గారని, స్టూడియో ఉందండి. పేపర్లో పడిన మీ ఫోటో చూసి చేశారంటండి."

"నేను గడ్డిపోచ కదపనని మొత్తుకుంటుంటే, వీడు శవానికి కళ్ళు తెరిపించి కోటు తొడుగుతాడా?"

అనేశాక నాలుక్కరుచుకున్నాను. కన్నకూతురు ముందు అనే మాటేనా అది?

"పర్లేదండి," అంది ఆ అమ్మాయి. "ఆ కళ్ళు మా నాన్నవి కావని నాకూ తెలుసండి. చిన్నప్పుడు స్కూలుకి వెళ్తూ రోజూ ఈ ఫోటోకి చెప్పి వెళ్ళేదాన్నండి. తొమ్మిదో తరగతిలో మా ఫ్రెండు సారిక వాళ్ళింటికి వెళ్తే, వాళ్ళ తాతగారి ఫోటోకి కూడా ఇవే కళ్ళున్నాయండి. ఇంటికొచ్చి మనసులో రెండూ పోల్చి చూసుకున్నాను. అవేనండి. అప్పట్నుంచీ చెప్పి వెళ్ళడం మానేశాను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"మా నాయనమ్మ చెప్పిందండి, ఆరోజు గొడవకి ముందు, పొద్దున్నే మీరు మా ఇంటికొచ్చారంట. నాన్న నన్ను ఎత్తుకుని ఫోటో దిగారంట. నాకప్పుడు రెండేళ్ళండి, గుర్తు లేదు. పెళ్ళి ఆల్బం ఇంటితో పాటే కాలిపోయింది. ఓటరు కార్డూ అంతే. చుట్టాలందరిళ్ళూ వెతికామండి, ఎక్కడా లేదు. మీరు వీడియోలో ఒక్కటి కూడా పారేయలేదన్నారు కదండీ. అది నాకిస్తారా? మా నాన్న కళ్ళు తెరిచి ఉంటే ఎలా ఉంటారో ఒక్కసారి చూడాలండి."

"ఉంటుంది," అన్నాను. "ఉండి తీరుతుంది. ఆదివారం నేనే తెచ్చిస్తాను. పెద్ద సైజులో వేయించి మరీ తెస్తాను. ఆ అచ్చిబాబు ముఖాన కొట్టి చూపిస్తాను, ఫోటో అంటే ఏమిటో."

ఆ అమ్మాయి మొట్టమొదటిసారి నవ్వింది.

మర్నాడు పొద్దున్నే డబ్బా దించాను. నా హార్డ్ డిస్కులన్నింటికీ చీటీలుంటాయి, ఊరు, నెల, సంవత్సరం. మా అక్క పోపుల డబ్బాలైనా అంత వరసగా ఉండవు. మేకలగరువు, ఏప్రిల్ 2007. తెరిచాను. ఉప్పు తెల్లగా పేరుకున్న పొలాలు. రొయ్యల చెరువులు. బావి. కెమెరా ప్రతి ఫోటోకీ వరసగా తనే ఒక అంకె వేసుకుంటుంది. ఎనభై ఆరు, ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది.

దాని తర్వాత నూట ఇరవై ఏడు. పొగ మొదలైంది.

మధ్యలో ముప్ఫై ఎనిమిది లేవు. కంప్యూటర్ని తిట్టాను. కాపీ డిస్కు పెట్టాను. అందులోనూ ఎనభై ఎనిమిది తర్వాత నూట ఇరవై ఏడే. డిస్కులు అమ్మినవాణ్ణి తిట్టాను. "అక్కా, నా డబ్బా ఎవరు ముట్టుకున్నారు?" అని కిందికి అరిచాను. "నీ డబ్బా నాకెందుకురా, అందులో ఉన్నవన్నీ శవాలే కదా," అని ఆవిడ కిందినుంచి అరిచింది. అప్పుడు గుర్తొచ్చింది.

ఆరోజు పొద్దున్న సత్తిరాజే నన్ను సైకిలు మీద పొలాలన్నీ తిప్పాడు. దాహమేసి బావి దగ్గర ఆగితే, "ఆ నీళ్ళు మీరు తాగలేరండి, ఉప్పు," అని చెట్టెక్కి బొండం దింపాడు. తిరిగి ఇంటికొచ్చాక, "నాదొకటి తీయండి బాబూ, మా పాపతో," అన్నాడు. జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. పాపని ఎత్తుకుని, గోడకి ఆనుకుని, గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. నాకు అలా నిలబడి దిగేవాళ్ళంటే చిరాకు. మామూలుగా ఉండవయ్యా అన్నాను. ఇంకా బిగుసుకున్నాడు. సరేనని రెండు నొక్కాను. చుట్టుపక్కల వాళ్ళు కూడా పోగై, మాదీ, మాదీ అంటే వాళ్ళవీ నొక్కాను.

మధ్యాహ్నం గట్టు మీద గొడవ మొదలయ్యేసరికి కెమెరాలో కార్డు నిండిపోయింది. అప్పటి కార్డుల్లో పట్టేవే కొన్ని. రెండోది అమలాపురం లాడ్జిలో వదిలేశాను. ఎదురుగా మనుషులు పరిగెడుతున్నారు, ఇళ్ళు అంటుకున్నాయి. నేను తూము మీద కూర్చుని, పొద్దున్న తీసినవి చూసుకుంటూ, పనికిరానివి అనుకున్నవి ఒక్కొక్కటీ తుడిచేశాను. నిలబడి దిగినవన్నీ తుడిచేశాను. చెరువులు ఉంచాను, బావి ఉంచాను, మనుషుల్ని తుడిచేశాను. అలా ఖాళీ చేసిన చోటులోకే, గంట తర్వాత, గట్టు మీద పడి ఉన్న సత్తిరాజు వచ్చాడు.

పద్దెనిమిదేళ్ళు ఈ సంగతి నాకు గుర్తే లేదు. గుర్తుంటే ఆ గొప్పలు చెప్పుకునేవాణ్ణా? ఏమో, చెప్పుకునేవాణ్ణేమో కూడా. కిందికి దిగి అక్కకి చెప్పాను. ఏదో ఒకటి దెప్పుతుందనుకున్నాను. దెప్పలేదు.

"ఆ పిల్లకి ఫోనులో చెప్పకు," అంది. "వెళ్ళి చెప్పు."

ఆదివారం ఆరాధన కూడా మానేసి బయల్దేరాను. రావులపాలెం దాకా ఒక బస్సు, అక్కడ్నుంచి అమలాపురం ఇంకో బస్సు, ఆ తర్వాత ఆటో. ఆటోవాడు దారంతా ఊరి ముచ్చట్లు. "మీరేం చేస్తుంటారండీ?" అన్నాడు. ఫోటోగ్రాఫర్ని అన్నాను. "మా చెల్లి పెళ్ళి మాఘమాసంలో ఉందండి," అన్నాడు. దేవుడా, నా మోకాలు నొప్పి ఒకపక్క, వీడొకపక్క. మేకలగరువులో అప్పటి పొలాలన్నీ ఇప్పుడు చెరువులే. కనుచూపు మేర నీళ్ళు చిలికే చక్రాలు తిరుగుతున్నాయి. వీధి వీధికీ మంచినీళ్ళ క్యాన్ల బండి. ఆ గొడవలో గెలిచిందెవరో ఎవరినీ అడగక్కర్లేదు.

వీరమ్మ ప్లాస్టిక్ కుర్చీలో గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఎనభైకి దగ్గర పడి ఉంటుంది. నన్ను చూసి లేవబోయింది. లోపల గోడకి సున్నం కొట్టి, కొత్త మేకు దిగ్గొట్టి ఉంది. కింద బల్ల మీద కొత్త ఫ్రేము, ఖాళీది, ముందే కొని తెచ్చి పెట్టుకున్నారు. పక్కన పళ్ళెంలో బంతిపూల దండ. నేను ఉత్త చేతులతో వచ్చాను.

నిలబడే చెప్పేశాను. మొత్తం చెప్పాను. కార్డు, తూము, తుడిచేయడం, అన్నీ.

"అంటే లేదాండీ?" అంది లావణ్య.

"లేదమ్మా."

"మరి వీడియోలో అలా ఎందుకు చెప్పారండీ?"

"గొప్పకి చెప్పాను."

నా వయసు యాభై ఏడు. తుపాకుల మధ్య నిలబడ్డాను. ఆ పిల్ల ముందు నిలబడలేకపోయాను. వీరమ్మ నా చేతుల వైపు చూసింది.

"చచ్చినాక తీసినవన్నీ దాచుకున్నావా, బతికున్నది తుడిచేశావా బాబూ?" అంది. గట్టిగా కూడా అనలేదు. "వాడు పొద్దుటేల చెట్టెక్కి నీకు బొండం కొట్టిచ్చాడే. నీ కెమెరాలో వాడికి అంత చోటు లేకపోయిందా?"

సిగ్గుతో తల దించుకున్నాను. లావణ్య లోపలికెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. క్యాను నీళ్ళు, చల్లగా ఉన్నాయి. తాగమంది. నా మీద కోపం తెచ్చుకుని నాలుగు తిడితే బాగుండుననిపించింది, తిట్టలేదు. పళ్ళెంలో దండని తీసి మడత పెట్టి పక్కన పెట్టింది.

"దా ఇలా," అని వీరమ్మ మనవరాలిని చెయ్యి పట్టుకుని నా ముందుకి లాగింది. "దీని మొహం చూడు. సూటిగా చూడు. ఈ కళ్ళు వాడివే. ఎడం కన్ను ఓ పిసరు చిన్నది, వాడికీ అంతే. వాళ్ళమ్మ కువైట్ నుంచి ఫోన్లో చూసినప్పుడల్లా, అత్తా, ఆయనే చూస్తున్నట్టుందని కళ్ళనీళ్ళు పెట్టుకుంటది. ఇయ్యి పెట్టించు నా కొడుక్కి. ఎవడి తాత కళ్ళో నాకొద్దు."

నేను ఫోటోలో గడ్డిపోచ కూడా కదపనమ్మా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

అచ్చిబాబు స్టూడియో సెంటర్లో, మందుల షాపు పక్కన. నామీద నాకే ఉన్న కోపమంతా వాడి మీద చూపిద్దామనే లావణ్యని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయనేమో నన్ను చూసి కుర్చీలోంచి ఎగిరి లేచాడు. అరవై ఏళ్ళ మనిషి, కళ్ళజోడు తాడుకి కట్టుకుని మెడలో వేసుకున్నాడు.

"మీరా ఐజాక్ గారూ! మీ ఫోటో మీద చేసిందే నాకు మొదటి పెద్ద ఆర్డరండి. పేపరు ఫోటో, అంతా చుక్కలు చుక్కలు. మూడు రోజులు కష్టపడ్డాను."

"ఆ కళ్ళెవరివయ్యా?"

ఆయనకి సిగ్గూ లేదు, భయమూ లేదు. కంప్యూటర్లో ఒక ఫోల్డరు తెరిచి చూపించాడు. దాని పేరే కళ్ళు. "మగ కళ్ళు నాలుగు రకాలండి. ఆడవాళ్ళవి ఆరు. ముసలివాళ్ళకి వేరే. మా దగ్గరికి చాలామంది పోయాక తీసిన ఫోటోలే తెస్తారండి, బతికుండగా ఎవరు దిగారు? కళ్ళు మూసుకున్న మనిషికి దండ వేసి ఎవరికి దణ్ణం పెట్టుకుంటారు చెప్పండి? ఇన్నేళ్ళలో ఎవరూ కంప్లైంట్ చేయలేదు."

"నేను చేస్తున్నానండి," అంది లావణ్య.

అచ్చిబాబు ఆమె వైపు చూసి, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాడు. విషయం చెప్తే, ఆడపిల్ల కళ్ళు మగ మొహానికి అతకవేమోనని కాసేపు నసిగి, "కనుబొమ్మలు ఆయనవే ఉంచుదాం, కుదురుతుంది లెండి," అన్నాడు. "కోటు తీసేయండి," అంది లావణ్య. "మా నాయనమ్మ వద్దంది. గళ్ళ చొక్కా వేయండి." అసలు ఫోటో నేనే నా మెయిల్లోంచి తీసి ఇచ్చాను, పారిస్‌లో వేలాడిన పెద్ద ఫైలు. ఎవరడిగినా ఇవ్వని ఫైలు అది. కళ్ళు కూడా ఆయన కెమెరాతో నేనే తీస్తానన్నాను.

నీలం గుడ్డ ముందు స్టూలు వేశాడు అచ్చిబాబు. లావణ్య కూర్చుంది. కూర్చుని, బ్యాగులోంచి దువ్వెన తీసింది. ముంగురులు దువ్వుకుంది. గడ్డం పైకెత్తి, భుజాలు బిగించి, ఊపిరి బిగబట్టి, సూటిగా నావైపు చూసింది. మామూలుగా ఉండమ్మా అని ఎవరికైనా చెప్పే నోరు నాది. ఆరోజు ఆ మాట అనలేదు.

"నవ్వమంటారాండీ?"

"నీ ఇష్టం తల్లీ."

నవ్వలేదు. తొమ్మిది తీశాను. నా కళ్ళలో నీళ్ళొచ్చి ఫోకస్ ఎక్కడుందో కూడా కనబడలేదు. అచ్చిబాబు కార్డు తీసుకుని కంప్యూటర్లో పెట్టి, ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాడు. ఎడమ కన్ను నిజంగానే ఓ పిసరు చిన్నది. ఆనాటి పొద్దున్న ఆ గోడ ముందు నాకెదురుగా నిలబడ్డ మనిషికి అలాగే ఉండేదా? ఎంత తన్నుకున్నా నాకు గుర్తు రాలేదు. నేను చూస్తేగా.

"ఆరు బాగొచ్చాయండి," అన్నాడు అచ్చిబాబు. "ఈ మూడూ షేక్ అయ్యాయి. ఇందులో రెప్ప కూడా పడింది. డిలీట్ కొట్టేస్తున్నానండీ."

"చెయ్యి తియ్యవయ్యా!" అని అరిచాను. బయట మందుల షాపులో వాళ్ళు కూడా తొంగిచూశారు. "దాని మీంచి చెయ్యి తియ్యి ముందు!"

అచ్చిబాబు మౌసు వదిలేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. లావణ్య స్టూలు మీంచి లేచి వచ్చి నా పక్కన నిలబడి, తెర మీద కళ్ళు మూసుకుని ఉన్న తన మొహం చూసింది. అది గట్టు మీది మొహమే. నాకు తెలుసు, ఆమెకీ తెలుసు.

"అందులో బాగోలేనండి," అంది మెల్లగా.

"ఉండనీ అమ్మా," అన్నాను. "బాగోలేనివి కూడా ఉండనీ."